అల్లాడి కృష్ణస్వామి అయ్యరు

జమ్మికుంట పత్తి బజారులోగాని, ఆదిలాబాదు జిన్నింగు మిల్లుల చెంతగాని, కరీంనగరము ధాన్యపు గంజులోగాని నడచునపుడు దుకాణముల నొసళ్ళపై వ్రాసియున్న పేర్లను మీరు చదివియే యుందురు. ఒక పేరు ప్రక్కన సన్స్ అని యుండును. ఒకదాని ప్రక్కన బ్రదర్సు అని యుండును. మరియొకదాని చివర అండ్ కంపెనీ అని యుండును. ఆ రెండు మూడు మాటలు పలక వ్రాసిన చిత్రకారుని ముచ్చట కొరకు పెట్టినవి కావు. వాని వెనుక ఒక ఒప్పందమును, ఆ ఒప్పందము వెనుక ఒక చట్టమును కలవు.

ఇరువురు మిత్రులు కలిసి పత్తి వ్యాపారము చేయుదమని తలపెట్టిరనుకొందము. ఒకనిచేత సొమ్ము కలదు. రెండవవానికి సరుకు తెలియును. ఊరూర రైతులతో పరిచయము కలదు. మొదటి సంవత్సరము లాభము వచ్చును, స్నేహము వర్ధిల్లును. మూడవ యేట ధర పడిపోవును. అప్పులవారు వచ్చి వాకిట కూర్చుందురు. అప్పుడు ప్రశ్నలు పుట్టును. అప్పుపత్రముపై సంతకము చేసినవాడు ఒక్కడేకదా, రెండవవాడు దానికి బాధ్యుడగునా? సొమ్ము పెట్టనివాని యిల్లు కూడ జప్తునకు రావలసినదేనా? నష్టమున ఎవరి వంతెంత? వారిలో ఒకడు మరణించినచో వాని పసిబిడ్డల గతి యేమి?

ఈ ప్రశ్నలకు సమాధానములు మన దేశమున 1932 సంవత్సరపు భాగస్వామ్య చట్టమునందున్నవి. ఆ చట్టపు ముసాయిదాను పరిశీలించి దిద్దుటకు నియమింపబడిన ప్రత్యేక సంఘమున నలుగురు న్యాయవేత్తలుండిరి. ఆ నలుగురిలో ఒకరు తెలుగువారు. వారే అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు. రాజ్యాంగ నిర్మాతలలో ఒకరుగా వారి పేరును మీరు సాంఘికశాస్త్ర పాఠములలో వినియుందురు. వర్తకునకు న్యాయము కూర్చిపెట్టినవారుగా వారిని తలచుకొనువారు తక్కువ. ఇచ్చట ఆ రెండవ పనిని గూర్చియే ఎక్కువగా చెప్పదలచితిని.

కృష్ణస్వామిగారు 1883 వ సంవత్సరము మే నెల 14 వ తేదీన నెల్లూరు సీమలోని పుదూరు గ్రామమున జన్మించిరి. అల్లాడి అనునది వారి ఇంటిపేరు. తండ్రిగారగు ఏకామ్ర శాస్త్రిగారిది పౌరోహిత్యము. పేరు చివర అయ్యరు అను మాటను చూచి వీరు తమిళులని పొరబడువారు కలరు; ఆ మాట చెన్నపట్టణపు వాడుకచే వచ్చి చేరినదే కాని వీరు తెలుగు కుటుంబమువారే. పౌరోహిత్యముపై జీవించు యింట ధనమెంత యుండునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యింట ఉన్నది విద్య. వినినదానిని మరువక నిలుపుకొను అలవాటు వేదము చదివిన వంశములకు సహజము. ఆ ధారణశక్తియే కృష్ణస్వామిగారికి తండ్రి యిచ్చిన ఆస్తియని చెప్పవచ్చును. తరువాతి కాలమున వేలకొలది తీర్పులు వారి నాలుకపై నుండెడివని న్యాయవాదులు చెప్పుకొనుచుండెడివారు.

1899 లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులై వారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి చరిత్ర చదివిరి. పిమ్మట న్యాయశాస్త్రము నభ్యసించి పట్టము పొంది, 1907 లో మద్రాసు హైకోర్టున న్యాయవాదిగా ప్రవేశించిరి. చరిత్ర చదివినవాడు న్యాయవాది యగుట మంచిదని నా తలంపు. ప్రతి చట్టము ఏదో ఒకనాటి కష్టమునుండి పుట్టినదే. ఆ కష్టమేదో తెలియనివానికి చట్టములోని మాటలు మాత్రమే కనబడును.

కృష్ణస్వామిగారు వృత్తిలో ప్రవేశించునాటికి చెన్నపట్టణము అట్టి కష్టమునే ఒకదానిని అనుభవించుచుండెను. ఆ నగరమున ఆర్బత్నాటు కంపెనీ యను పెద్ద ఆంగ్ల వర్తకశాల యుండెడిది. పేరునకు కంపెనీయే కాని అది కొద్దిమంది భాగస్వాముల వ్యాపారము. వర్తకముతోపాటు జనుల సొమ్మును నిల్వకు తీసికొని వడ్డీ యిచ్చుచుండెడిది. ఉద్యోగులు, పింఛనుదారులు, విధవలు, దేవాలయపు ధర్మకర్తలు తమ సొమ్మును తెచ్చి అచ్చట దాచుకొనిరి. తెల్లవారి సంస్థ, తరతరముల పేరు, ఇంక భయమేమి యని జనుల నమ్మకము. 1906 అక్టోబరు నెలలో ఆ సంస్థ తలుపులు మూసివేసినది. వేలకొలది కుటుంబములు ఒక్క దినమున నిరుపేదలైనవి. భాగస్వాములలో ముఖ్యుడగు సర్ జార్జి ఆర్బత్నాటునకు న్యాయస్థానము పదునెనిమిది నెలల కఠినశిక్ష విధించెను. కాని శిక్షవలన పోయిన సొమ్ము తిరిగివచ్చునా? సొమ్ము పోగొట్టుకొన్నవారి పక్షమున నిలిచి పనిచేసిన న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరుగారు తదితరులతో కలిసి 1907 లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. ఈ కృష్ణస్వామిగారు వేరు, మన కథానాయకులు వేరు. పేర్లు ఒకటియగుటచే విద్యార్థులు తికమక పడకుందురుగాక.

మన కృష్ణస్వామిగారు నల్లగౌను ధరించి హైకోర్టు మెట్లెక్కిన సంవత్సరము కూడ ఆ 1907 వ సంవత్సరమే. ఊరంతయు ఆర్బత్నాటు మాటలే చెప్పుకొనుచున్న దినములవి. నలుగురు కలిసి చేయు వ్యాపారమున ఒకరి తప్పునకు మిగిలినవారును, వారిని నమ్మినవారును ఎంతదూరము ఈడ్వబడుదురో ఆ తరమువారికి ఏ పుస్తకమును చెప్పనక్కరలేకపోయెను.

ఇచ్చట న్యాయవాదుల పనిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. న్యాయవాది యనగానే న్యాయస్థానమున నిలువబడి గొంతెత్తి వాదించువాడే మనకు మనస్సునకు వచ్చును. మన ప్రాంతమున నేటికిని పెద్దలు వకీలు అనియే అందురు. వర్తక సంస్థల విషయమున న్యాయవాది చేయు పనిలో ఎక్కువ భాగము న్యాయస్థానము వెలుపలనే జరుగును. మద్రాసువంటి నగరములలో సొలిసిటర్లు అను ఒక తెగవారు ఉండెడివారు. వర్తకుడు మొదట పోవునది వారి యొద్దకే. వారు అతడు చెప్పినదంతయు విని, కాగితములన్నియు చదివి, ఒప్పందములు వ్రాసి పెట్టుదురు. చిక్కు పెద్దదైనచో విషయమంతయు ఒక పత్రముగా వ్రాసి, చట్టమున ఆరితేరిన న్యాయవాది కంపి అభిప్రాయము కోరుదురు. ఆ అభిప్రాయముపై లక్షల రూపాయల వ్యాపారము నడచుట, లేక ఆగుట జరుగుచుండును. అట్లు అభిప్రాయమీయగల న్యాయవాదులలో అగ్రగణ్యులుగా కృష్ణస్వామిగారు కొలది కాలముననే పేరుపొందిరి.

మనకు దగ్గరి సంగతియే చూతము. కాగజ్‌నగరములోని సిర్పూరు కాగితపు మిల్లు 1938 లో స్థాపింపబడెను. అట్టి కర్మాగారము నెలకొల్పవలెనన్న ఎన్ని ఒప్పందములు కావలెనో యోచింపుడు. స్థలము ఎవరిది? అడవిలోని వెదురును ఎన్ని సంవత్సరములు, ఏ ధరకు కొట్టుకొనవచ్చును? విదేశమునుండి వచ్చు యంత్రము దారిలో చెడినచో నష్టమెవరిది? బ్యాంకు అప్పు ఇచ్చినచో తాకట్టు ఏది? వాటాలు కొన్నవారికి ఏ హక్కులుండును? యంత్రము తిరుగుటకు ముందుగానే ఈ కాగితములన్నియు తిరిగితీరవలెను. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ప్రాంతములలో భూమి క్రిందినుండి బొగ్గు తీయు సింగరేణి సంస్థకును అంతే. గనిలో దిగువాని చెమట మనకు కనబడును; ఆ గనికి హద్దులు, హక్కులు వ్రాసి పెట్టినవాని శ్రమ కనబడదు.

ఈ పనిలో ఒక కష్టము కలదు. వర్తకుడు సలహాకు వచ్చునపుడు తాను చేయదలచినది చేయవచ్చునని చెప్పించుకొనుటకే తరచుగా వచ్చును. వలదని చెప్పిన న్యాయవాది యొక్క రుసుము ఈయబుద్ధి కాదు. అయినను వలదని చెప్పవలసినచోట వలదని చెప్పుటయే ఆ వృత్తిలోని పరువు. గొడవ వచ్చిన పిమ్మట గెలిపించువానికంటె గొడవ రానీయనివాడు గొప్పవాడు. కాని అతనికి చప్పట్లు లేవు. ఎన్ని వ్యాజ్యములు పుట్టక ఆగినవో ఏ తీర్పుల గ్రంథమును చెప్పదు.

1872 లో భారతదేశమున ఒప్పందముల చట్టమొకటి వచ్చియుండెను. సరుకుల అమ్మకమును, భాగస్వామ్యమును అందులోనే రెండు అధ్యాయములుగా చేర్చిరి. ఆనాటికవి చాలినవి. రైలు మార్గములు పెరిగి, ఓడలు పెరిగి, తీగవార్తపై వ్యాపారము నడచు కాలము వచ్చుసరికి ఆ అధ్యాయములు ఇరుకైనవి. వానిని తొలగించి రెండు ప్రత్యేక చట్టములు చేయవలెనని ప్రభుత్వము తలపెట్టెను. ముసాయిదాలు పరిశీలించుటకు కూర్చున్నవారు సర్ బ్రజేంద్రలాల్ మిత్తర్, సర్ దిన్షా ముల్లా, అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, ఆర్థరు ఎగ్గరు అను నలుగురు. మిత్తరుగారు రాజప్రతినిధి సభలో న్యాయశాఖ సభ్యులు. ముల్లాగారు బొంబాయివారు, వృత్తి ప్రారంభమున తామును సొలిసిటరుగా పనిచేసి వర్తకుల వ్యవహారములను దగ్గరనుండి చూచినవారు. వంగదేశము, బొంబాయి, మద్రాసు అను మూడు వర్తక సీమల అనుభవము ఆ బల్లచుట్టు చేరినదన్నమాట.

సరుకుల అమ్మకపు చట్టము 1930 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. అందలి సంగతులు వినుటకు చిన్నవిగా తోచును. ఆదిలాబాదునుండి పత్తి బేళ్ళు బొంబాయికి రైలుపై పోవుచున్నవనుకొందము. దారిలో నిప్పంటుకొని కాలిపోయినవి. నష్టము అమ్మినవానిదా, కొన్నవానిదా? సరుకుపై యాజమాన్యము ఎవరికి చేరియున్నదో నష్టమును సాధారణముగ వారిదేయని చట్టము చెప్పును. యాజమాన్యము ఏ క్షణమున చేతులు మారునో నిర్ణయించుటకు అనేక సూత్రములు కలవు. ఏ బేళ్ళు కొన్నవానికి చెందునో వేరుచేసి గుర్తింపబడువరకు యాజమాన్యము మారదనుట వానిలో మొదటిది. మరియు, గుప్పెడు పత్తిని మచ్చు చూపి బండెడు అమ్మినచో బండెడును ఆ మచ్చునకు సరిపోవలెను. కొన్నవాడు దివాలా తీసెనని తెలిసినచో, సొమ్ము ముట్టని అమ్మకందారు దారిలోనున్న సరుకును అతనికి చేరకుండ ఆపించుకొనవచ్చును. తూకపు కాటాయొద్ద నిలుచున్న అడ్తిదారునకు ఈ నిబంధనల సంఖ్యలు తెలియకపోవచ్చును. వాని సారము అతని వాడుకలోనే యున్నది. మంచి చట్టము మంచి వాడుకకు దూరముగ నడువదు.

భాగస్వామ్య చట్టము ఇంతకంటె సున్నితమైనది. సరుకు విషయమున వచ్చు తగవు సరుకుతో పోవును. భాగస్వాముల నడుమ వచ్చు తగవు కుటుంబములను కాల్చును. అందుచే ఆ చట్టము మొట్టమొదట భాగస్వామ్యమన నేమో చెప్పును. అందరును గాని, అందరి పక్షమున ఒకడుగాని నడపు వ్యాపారపు లాభమును పంచుకొనుటకు ఒప్పుకొన్నవారి నడుమనుండు సంబంధమే భాగస్వామ్యము. అందరి పక్షమున అను మాటలోనే చట్టమంతయు నిమిడియున్నది. ఒక భాగస్వామి వ్యాపారము కొరకు సంతకము చేసినచో అందరును చేసినట్లే. ఒకడు చేసిన అప్పునకు అందరును కలిసియు, విడివిడిగను బాధ్యులు. మనము మొదట చెప్పుకొన్న సొమ్ము పెట్టని మిత్రుని యిల్లు కూడ జప్తునకు రావచ్చును. పెద్ద కంపెనీలో వాటా కొన్నవాడు ఆ వాటా సొమ్మువరకే నష్టపోవును. భాగస్వామికి అట్టి గట్టు లేదు. ఆర్బత్నాటు సంస్థ కూలిననాడు చెన్నపట్టణము చూచినది దీనినే.

ఇంతటి భారము మీద పెట్టునపుడు ఒకరినొకరు మోసగించుకొనకుండ కాపాడవలెను గదా. అందుచే భాగస్వాములు పరస్పరము న్యాయముగను విశ్వాసముగను మెలగవలెననియు, నిజమైన లెక్కలు చూపవలెననియు చట్టము విధించినది. ధర్మశాస్త్రపు మాటవలె వినబడు ఈ నియమము శాసనమున ఎక్కినది. మైనరు పిల్లవానిని భాగస్వామిగా చేయరాదు. కాని అందరును అంగీకరించినచో లాభమునందు వానికి పాలు కల్పింపవచ్చును. నష్టము వచ్చిన యెడల ఆ పాలువరకే పోవును గాని వాని స్వంత ఆస్తి జోలికి ఎవరును పోరాదు. తండ్రి పోయిన పసివానిని తలంపునందుంచుకొనియే ఈ నిబంధన కట్టిరని చదువగానే తోచును. హిందువుల ఉమ్మడి కుటుంబము నడపు దుకాణము మాత్రము ఈ చట్టము క్రిందికి రాదు. పుట్టుకవలన వచ్చిన హక్కు వేరు, ఒప్పందమువలన వచ్చిన హక్కు వేరు అని అందు స్పష్టముగ చెప్పబడినది. సన్స్ అనియు బ్రదర్సు అనియు వ్రాసిన పలకలన్నియు ఒకే తీరువి కావని ఇప్పుడు మీకు తెలిసియుండును.

సంఘమువారికి పెద్ద చిక్కు రిజిస్ట్రేషను విషయమున వచ్చెను. ఒక వర్తకశాల వెనుక నిజముగ ఎవరెవరున్నారో బయటివానికెట్లు తెలియును? లాభము వచ్చునపుడు నలుగురమనువారు, అప్పు తీర్చవలసి వచ్చునపుడు నేను కాననుచుందురు. ఇంగ్లాండులో వ్యాపారపు పేర్లను నమోదు చేయనివారికి శిక్ష విధించు చట్టముండెను. మన దేశమున అట్లు చేయవచ్చునా? చదువురాని చిన్న వర్తకులు ఊరూర నున్న దేశమిది. నమోదు చేయించుకొనలేదని వారినందరిని నేరస్థులుగ నిలువబెట్టుట క్రూరము. పోనీ, విడిచిపెట్టుదమన్న మోసమునకు తలుపు తెరచినట్లగును.

వారు నడుమ దారి తీసిరి. రిజిస్టరు చేయించుకొనుట వర్తకుల యిష్టము. చేయించుకొననివారికి జరిమానా లేదు, చెర లేదు. కాని రిజిస్టరు కాని సంస్థ తనకు రావలసిన బాకీకై న్యాయస్థానమున దావా వేయజాలదు. దానిపై ఇతరులు మాత్రము దావా వేయవచ్చును. ఒక భాగస్వామి రెండవవానిపై ఒప్పందపు హక్కుకై పోరాడవలెనన్నను సంస్థ రిజిస్టరై యుండవలెను. నూరు రూపాయలకు లోబడిన చిన్న దావాలను విడిచిపెట్టిరి. భాగస్వామ్యమును రద్దు చేసి లెక్కలు చూపుమని కోరు హక్కును కూడ తీసివేయలేదు. లేనిచో అమాయకుడు బయటపడు దారియే యుండదు. చట్టము 1932 అక్టోబరు 1 న అమలునకు వచ్చినను ఈ ఒక్క నిబంధనను మాత్రము 1933 అక్టోబరు 1 వరకు ఆపి యుంచిరి. వర్తకులు కళ్ళు తెరచుకొని నమోదు చేయించుకొనుటకు ఒక సంవత్సరము గడువన్నమాట.

ఈ ఏర్పాటు తెలివైనదే. అయినను దానివలన నష్టపోయినవారును కలరనుట దాచవలసిన పని లేదు. నిజాయితీతో సరుకు ఇచ్చి, చిన్న కాగితము నమోదు చేయించుకొననందున బాకీ వసూలు కాక కూర్చున్న వర్తకుడు, బాకీ ఎగవేసినవానికంటె చట్టము దృష్టిలో దుర్బలుడగుచున్నాడు. ఇది అన్యాయముకాదా యని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. సంఘమువారు ఒక ప్రక్క చెరసాలను, ఒక ప్రక్క మోసమును పెట్టుకొని, రెంటికంటె చిన్న కీడును ఎన్నుకొనిరి. సలహా చెప్పు న్యాయవాది యొక్క అవసరము ఇచ్చటనే తెలియును. దుకాణము తెరచుటకు ముందు ఒక్క గడియ అతని యెదుట కూర్చున్నచో తరువాత పది సంవత్సరములు కోర్టు వరండాలలో నిలువవలసిన పని తప్పును.

కృష్ణస్వామిగారు 1929 లో మద్రాసు రాష్ట్రమునకు అడ్వకేటు జనరలుగా నియమింపబడిరి. 1944 వరకు, అనగా పదునైదు సంవత్సరములు, ఆ పదవియందుండిరి. బిరుదులును వచ్చినవి. 1930 లో దివాన్ బహద్దూరు, 1932 లో సర్. వర్తకులకు సలహా చెప్పినవారు ఇప్పుడు ప్రభుత్వమునకు సలహా చెప్పవలసి వచ్చెను. బల్లకు ఆవలి ప్రక్క కూర్చున్నట్లయ్యెను.

ఆ కాలమున వచ్చిన ఒక వ్యాజ్యము వర్తకులందరికి సంబంధించినది. మద్రాసు రాష్ట్రమున 1939 లో అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. బొడ్డు పైడన్న అండ్ సన్స్ అను సంస్థ వేరుసెనగ నూనెయు పిండియు తయారుచేసి అమ్ముచుండెడిది. తయారైన సరుకుపై పన్ను వేయు హక్కు ఆనాడు కేంద్ర ప్రభుత్వమునకే యుండెను. తయారుచేసినవాడు చేయు మొదటి అమ్మకముపై రాష్ట్రము పన్ను వేయుట ఆ హక్కును దొంగచాటుగ తీసికొనుటయేనని వాదము. వ్యాజ్యము ఫెడరల్ కోర్టు వరకు పోయెను. 1942 లో ఆ కోర్టు రాష్ట్రము పక్షమున తీర్పు చెప్పెను. సరుకు తయారైనందుకు పడు పన్ను వేరు. అమ్ముడైనందుకు పడు పన్ను వేరు. గానుగనుండి వచ్చిన నూనెను యజమాని అమ్మక యింట వాడుకొన్నచో అమ్మకపు పన్ను లేనేలేదు. చూచుటకు ఒకే నూనె, ఒకే డబ్బా. అయినను రెండు వేరు సంఘటనలు. ఇట్టి సన్నని గీతలు గీయుటయే న్యాయశాస్త్రమునకు జీవనము. రాష్ట్రములు బడులు కట్టించుటకు, వైద్యశాలలు నడపుటకు అమ్మకపు పన్ను చాలకాలము ముఖ్యాధారమై నిలిచినది.

స్వాతంత్ర్యము వచ్చుసరికి వారి వయస్సు అరువది నాలుగు. రాజ్యాంగ పరిషత్తులో సభ్యులై, 1947 ఆగస్టు 29 న ఏర్పడిన ముసాయిదా సంఘపు ఏడుగురిలో ఒకరైరి. అధ్యక్షులు డాక్టరు అంబేడ్కరుగారు. ఆ యేడుగురిలో భాగస్వామ్య చట్టమునాటి సహచరులగు మిత్తరుగారును ఉండిరి. వారు త్వరలోనే తప్పుకొనగా వారి స్థానమున మరియొక తెలుగువారు, మాధవరావుగారు, వచ్చిరి. పని ముగియు తరుణమున అంబేడ్కరుగారు సభలో మాటలాడుచు, తనకంటె సమర్థులు ఆ సంఘమున ఉండిరని చెప్పి అందుకు కృష్ణస్వామిగారి పేరు చెప్పిరి. అట్లు చెప్పగలిగిన అధ్యక్షుని గొప్పతనమును అందు తక్కువది కాదు. వయోజనులందరికి ఓటుహక్కు ఈయరాదని సంశయించువారు పలువురున్న దినములలో, సామాన్య జనునిపై విశ్వాసముంచి ఆ హక్కును కృష్ణస్వామిగారు సమర్థించిరి. దేశమంతట వర్తకము ఆటంకము లేక సాగవలెనను అధికరణములు చర్చకు వచ్చినపుడు, ఆ స్వేచ్ఛను రాష్ట్రముల అవసరములతో ఎట్లు పొందుపరచిరో వివరించి చెప్పిరి. వర్తకుల వ్యవహారములలో నలుబది యేండ్లు గడపిన అనుభవము ఆ ప్రసంగము వెనుక నుండెను.

ఇంతవరకు చెప్పిన చట్టములు మన ప్రాంతమునకెప్పుడు వచ్చినవి? కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు ఆనాడు నిజాము రాజ్యమున నుండెను. చట్టములు వేరు, నాణెము వేరు, సుంకపు నాకాలు వేరు; కోర్టు భాష ఉర్దూ. ప్రాణహిత, వార్ధా నదులకు ఆవలి ఒడ్డున చాందా జిల్లా బ్రిటిషు వారి పాలనలో నుండెను. రెండు ఒడ్డుల తెలుగు వర్తకులు కలరు, బంధుత్వములు కలవు, పడవపై సరుకు దాటుచుండెను. కాని ఆవలి ఒడ్డున 1932 నుండి అమలులోనున్న భాగస్వామ్య చట్టము ఈవలి ఒడ్డున చెల్లకుండెను. మామ ఆ యొడ్డున, అల్లుడు ఈ యొడ్డున నుండి కలిసి వ్యాపారము చేసినచో, తగవు ఏ ఒడ్డున తీర్చవలెననుటయే మొదటి తగవు. 1948 లో హైదరాబాదు భారతదేశమున చేరెను. 1951 లో పార్లమెంటు చేసిన చట్టముచే సరుకుల అమ్మకపు చట్టమును, భాగస్వామ్య చట్టమును ఇతర చట్టములతోపాటు హైదరాబాదు రాష్ట్రమునకు వ్యాపించినవి. నది రెండు ఒడ్డులను ఒకే లెక్క క్రిందికి వచ్చినవి. సుంకపు నాకాలును ఆ దశాబ్దమున తొలగినవి.

కృష్ణస్వామిగారు 1953 అక్టోబరు 3 వ తేదీన పరమపదించిరి. వారు పుట్టిన నెల్లూరు జిల్లాతో కూడిన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడి ఆనాటికి రెండు దినములే యయ్యెను.

మద్రాసు మైలాపూరులోని తమ యింటికి తండ్రిగారి పేరుమీదుగ ఏకామ్ర నివాసమని పేరు పెట్టుకొనియుండిరి. కుమారులలో ఒకరగు అల్లాడి రామకృష్ణన్ గారు భౌతికశాస్త్రవేత్తలై ఆ యింటనే విద్యార్థులతో శాస్త్రగోష్ఠులు నడపిరి. 1962 లో మద్రాసున గణితశాస్త్ర సంస్థను స్థాపించిరి. మరియొక కుమారులగు అల్లాడి కుప్పుస్వామిగారు తండ్రి వృత్తినే చేపట్టి, హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు న్యాయమూర్తియై, పిమ్మట ప్రధాన న్యాయమూర్తియైరి. కరీంనగరము, ఆదిలాబాదు కోర్టులలో తీరని వర్తకుల తగవులు అప్పీలుగ పోవు చోటు అప్పట్లో ఆ హైకోర్టే. తండ్రి కూర్చుండి దిద్దిన 1932 సంవత్సరపు చట్టము కుమారుని బల్లపై నుండెను.